పొయ్యమన్నోడు లేడు

సంగారెడ్డిలో పటాన్‌చెరు బాట పక్కన బండిగిర్రల కార్ఖాన. బద్రీనాథ్ సేటు కాలం చేసినంక అది ఆయన భార్య ప్రభావతిది. నడిపేది ఆమె తమ్ముడు కిషన్‌రావు, గిర్రలకు ఇనుప పట్టాలెక్కించేది కమ్మరి యాకూబ్. జాగీర్లు పోయిన కొత్తలు. నడుమ నేల మీద గిర్ర ఒకటి మాడి ఇంకా పొగ చిమ్ముతున్నది.

"అదంత పక్కకు పెట్టు కిషన్. పట్టా ఎక్కింది, కట్టె అంటుకున్నది. ఆ గడియల నువ్వు ఏడికి పోయినవ్? అది చెప్పు."

"నా మాట జెర ఇనక్కా. నేను పోతే పోయిన. గిర్ర చుట్టు వీళ్లు నిలబడే ఉన్నరు గద. ఒక్కొక్కని చేతుల నిండు కడవ. ముందట భగభగ మండుతున్నది. పొయ్యొద్దా? మనిషి పుట్టుక పుట్టినోడు ఎవడన్న గుమ్మరియ్యకుంట నిలబడ్తడా?"

"నేనడిగింది అది కాదు."

"అసలు సంగతి అదే. వీళ్లు మనుషులు కారు, మొద్దులు. తుమ్మమొద్దును చెక్కితే గిర్రకు ఆకన్న అయితది. వీళ్లను ఎంత చెక్కినా చెక్కపొట్టే."

"ఏడికి పోయినవ్ అంటున్న."

"పనుండి పోయిన."

"ఏం పని?"

"పని... పనే. ఏం పనంటే ఏం చెప్తం? పడ్డది, పోయిన."

"మంట ఇడిసిపెట్టి ఉరికేటంత పని. మంచిగున్నది. యాకూబ్! ఆ గోడకు ఒరిగి బీడీ పీల్చుడు చాలు, ఇట్ల రా."

"వచ్చిన అమ్మా. సలాం."

"సలాం నీ దగ్గరనే ఉంచుకో. ఇది ఏంది?"

"గిర్ర."

"నాకు కండ్లు లేవా?"

"ఏంది అంటిరి గదా అని చెప్పిన. పొద్దుగాల అయితే గిర్రనే. ఇప్పుడు బొగ్గు. ఏరి గంపకెత్తిస్తే మీ ఇస్త్రీపెట్టెకు పనికొస్తది."

"చూసినవా అక్కా! చూసినవా వీని నోరు! నీ ముందటనే గిట్ల ఉంటే నా ముందట ఎట్లుంటడో ఆలోచన చెయ్యి."

"నువ్వు ఊకో కిషన్. యాకూబ్, ఈ పని నీకు కొత్తనా?"

"మా అబ్బా చేతికెల్లి సమ్మెట నా చేతికొచ్చినప్పటి సంది ఇదే పని."

"కట్టె అంటుకున్నంక నీళ్లు ఎప్పుడు పొయ్యాలె?"

"అప్పుడే. ఊపిరి తీసుకునే లోపల. పొయ్యంగనే ఇనుము బిగుస్తది, కట్టెను కరిచి పట్టుకుంటది. ఆగితే ఇనుము వదులు, కట్టె బూడిద. అండ్ల తెల్వనీకె ఏమున్నది? బాట మీద పోయే బర్రెకు సుత తెలుసు."

"తెలిసి ఎందుకు పొయ్యలే?"

"పొయ్యమన్నోడు లేడు."

"ఏమన్నవ్?"

"రావుసాబ్ హుకుం. 'నా నోట్లెకెల్లి మాట రానిది చుక్క పడొద్దు.' ఆ నోరు ఆయనతోటే పాయె. మేమేం చేస్తం? కడవలు పట్టుకొని నిలబడ్డం. మండుతుంటె చూసినం. జెర సేపు మంచిగనే ఉండె చూడనీకె."

"ఇన్నవా అక్కా! మంచిగనే ఉండె అట! దీన్ని హరాంఖోరీ అనక ఏమంటరు?"

"అనుండ్రి రావుసాబ్. మాట చెప్పేటోళ్లు మీరే, తిట్టేటోళ్లు మీరే. మాకేం పని మిగిలింది? ఇనుడే."

"కిషన్, ఆ హుకుం నువ్విచ్చినవా?"

"ఇచ్చిన. ఇస్తే తప్పా? నేను రాకముందు ఈడ ఎట్లుండె తెలుసా నీకు? సంత. ఒకడు కొట్టంటడు, ఒకడు పొయ్యంటడు, ఆ వడ్ల ఐలన్న ఒక దిక్కు గుంజుతడు, వీడు ఇంకో దిక్కు. ఎవడు జవాబుదారి? ఎవడూ కాదు. ఆ పెద్దకాపు గిర్ర ఊడి బాట మీద పడ్డనాడు నువ్వు నన్నడిగినవా లేదా, ఎవడు చేసిండు, ఎవని మాట మీద చేసిండు అని? నాకేం ఎరుక అన్న. నువ్వేమన్నవో యాదికున్నదా?"

"ఏమన్న?"

"ఎరుక లేనోనివి ఏ మొఖంతోటి తింటున్నవ్ అన్నవ్. అన్నం ముందట పెట్టుకొని ఉన్న. నా పెండ్లాం సరస్వతి వడ్డిస్తున్నది."

"అన్న. ఉన్న మాటే."

"కాదని అంటలేను. అందుకే కాయిదా పెట్టిన, మా జాగీరు కచేరీల ఉన్నట్టు. ఇజాజత్ లేంది, నన్ను అడగంది పుల్ల కదలొద్దు. అప్పుడు ఏది చెడినా ఎవని మాట మీద చెడిందో తెలుస్తది."

"ఇయ్యాల తెలిసింది గద."

"నువ్వు నడుమల మాట్లాడకు యాకూబ్!"

"ఇజాజత్ అడగాలె, మర్చిపోయిన."

"కచేరీ పోయింది కిషన్. నీ జాగీర్‌దారు పోయిండు. ఆ కుర్చీని సుత ఎవడో చెరుకురసం కాడ ఏసుకొని కూసున్నడు. నీ నడుముకు మాత్రం అది ఇంకా అంటుకొనే ఉన్నది."

"అక్కా, వీని ముందట..."

"వీని ముందట అయితే ఏంది? వీని ముందటనే గద గిర్ర కాలింది. యాకూబ్, నీకైనా బుద్ధి ఉండాలె గద. హుకుం అన్నడు, సరే. మనిషి లేడు, మంట ఉన్నది. పోస్తే నిన్ను ఉరి తీస్తుండెనా?"

"ఒకసారి పోసిన అమ్మా."

"ఎప్పుడు?"

"ఎండలు ముదరకముందు. రావుసాబ్ నోట్లె పాన్ నిండున్నది, మాట వస్తలేదు. కట్టె అంటుకున్నది. నేను ఆగలే, గుమ్మరిచ్చిన. గిర్ర మంచిగ కుదిరింది, ఆ బండి ఇప్పటికీ ఈ బాట మీదికెల్లే పోతది. రావుసాబ్ పోయి పాన్ ఉమ్మేసి వచ్చిండు. గిర్ర దిక్కు చూడనన్న చూడలే. ఆ గిర్ర తెచ్చిన కాపు ముందట, ఐలన్న ముందట, నన్ను ఎండల నిలబెట్టి, 'ఎవని ఇజాజత్ తోటి పోసినవ్?' అన్నడు. ఏం చెప్పాలె? మంట పొయ్యమన్నది అన్న. 'మంట ఇచ్చిందా నీకు నౌకరీ?' అన్నడు. అందరు నవ్విండ్రు. ఐలన్న సుత నవ్విండు, దొంగనాకొడుకు."

"మంట నౌకరీ ఇచ్చిందా అన్నవా కిషన్?"

"ఏదో మాటకు మాట అన్న."

"ఆనాటి సంది నా చెయ్యి పోయింది అమ్మా. చూడుండ్రి, ఈడనే ఉన్నది. పట్కారు పడ్తది, సమ్మెట ఎత్తుతది. కని నాది కాదు, రావుసాబ్‌ది. ఆయన కదలమంటె కదుల్తది. ఆయన లేకుంటె ఊకుంటది. నాకు సుత సుఖంగనే ఉన్నది. వెనుకట మా ఇంటామె అక్తరీ బేగం మొత్తుకుంటుండె, నీకు నాకన్న గిర్రలే ఎక్కువ అని. పండుకుంటె బాట మీద బండి పోయే చప్పుడు ఇని, ఇది నేనెక్కిచ్చిన పట్టానే అని లేచి కూసుంటుంటి. ఇప్పుడు బండి పోయినా, బండి బోర్లపడ్డా నాకు నిద్ర పడ్తది. రావుసాబ్ దయ."

"కథలు! కథలు చెప్తున్నడు! నేనేం తక్కువ చేసిన అడుగక్కా. బావ ఉన్నప్పుడు వీళ్ల నెత్తి మీద రేకులుండెనా? నేనేపిచ్చిన. చాయ్ ఉండెనా? నేను పోపిస్తున్న, రెండు పూటల. ఐలన్న కాలు మీద పట్టా పడితే హకీం కాడికి ఎవడెత్తుకపోయిండు? బావనా? బావ అయితే కాలెందుకు అడ్డం పెట్టినవ్ రా అని ఇంకో నాలుగు తిడుతుండె. చెప్పు యాకూబ్, అబద్ధమా?"

"అబద్ధం కాదు. రేకులేపిచ్చిండు. ఐలన్న కాలు బాగ చేపిచ్చిండు. కాలు బాగ చేసి, చేతులు కోసుకపోయిండు. చాయ్ సుత మంచిగనే ఉంటది, చక్కెర బరాబర్. చేతులు కట్టేసి నోట్లె పోస్తే ఎంత మంచి చాయైనా ముక్కులకెల్లి వస్తది."

"నమక్‌హరామ్!"

"సేటు మంచోడని అంటలేను. ఏం మంచోడు? తిట్టు లేకుంట ఆయనకు మాటే రాకపోతుండె. కని గీడ కూసుంటె మా దిక్కు ఆయన వీపు ఉంటుండె. బాట మీద పోయే బండ్లను చూసుకుంట, నశ్యం పీల్చుకుంట. మా సమ్మెట మోతను ఇని పని ఎంత దాక వచ్చిందో తెలుసుకునేటోడు. తిరిగి చూడకపోతుండె."

"ఏం తెలుసుకునుడు? ఆయనకు సుస్తీ. తిరిగి చూడనీకె సుస్తీ. కాపురం చేసిన నాకు తెల్వదా?"

"సుస్తీ అయితే సుస్తీ. ఆయన సుస్తీల మా చేతులు బతికినయి."

"ఇనక్కా ఇను! వీళ్లకు మాలికు అంటె సుస్తీ మనిషే కావాలట. నేను చెప్తున్న, వీళ్లందర్ని ఎల్లగొట్టు. షహర్ కెల్లి కొత్త మనుషులను తెస్త. కారిగర్లు ఎందరు లేరు!"

"తెండ్రి రావుసాబ్. వాళ్ల చేతులకు సుత కడవలియ్యుండ్రి. నిలబెట్టుడు మీకు మంచిగ వచ్చు."

"తెచ్చేది ఏడికెల్లి తెస్తవ్ కిషన్? మొన్న యాకూబ్ సమ్మెటకు కర్రనే తేలేకపోతివి."

"ఆ ముచ్చట నేను చెప్త అమ్మా. కర్ర ఇరిగింది. నేనేసుకుంట అన్న. ఆగు, అక్కను అడగాలె అన్నడు. పోయిండు, అడిగొచ్చిండు. ఏ కర్ర అని అడిగిన. ఆ మాట అడుగుడు మర్చిపోయిన్నని మల్ల పోయిండు. ఐలన్న ఆ సందుల ఒక కునుకు తీసిండు."

"అడగాలె గద! అడగక ఏం చెయ్యాలె? అడగకుంట వీడు చేసిన పని ఒక్కటన్న సక్కగున్నదా? వచ్చిన కొత్తల పచ్చి కట్టె తెచ్చి ఆ మూలకు పోసిండు, ఎవడో మంచి మాటలు చెప్పిండని. ఎండేసరికి ఒక్కొక్కటి పాము తీరు మెలి తిరిగింది. పొయ్యిల పెట్టుకుంటున్నం ఇప్పటికి. ఆనాడే అన్న, నీ తెలివి నీ దగ్గరుంచుకో, ఇగ ఏదైనా నన్ను అడుగు అని."

"అడుగుతనే ఉన్న గదక్కా."

"అడుగుతున్నవ్. అడిగి అడిగి నా పానం తీస్తున్నవ్."

"అడగకుంటె తిడ్తవ్, అడిగితే తిడ్తవ్."

"తిట్టే తీరున ఉన్నవ్, తిడ్తున్న. సరే, ఇది చెప్పుండ్రి ఇద్దరు. ఎల్లయ్య సంగతి ఏంది? కొండాపూర్ కెల్లి గిర్రలు ఇంకొకని బండి మీద ఏసుకొని వచ్చిండు వాడు. వానలు పడకముందు చేన్లకు పెంట తోలుకోవాలె. మా ముందటి వాకిట్లకొచ్చి రుమాలు తీసి నేలకేసి కొట్టిండు. పూజల్నుంచి లేచి రావల్సొచ్చింది నాకు. వాడన్న మాటలు ఆ గడప ముందట ఇంతవరకు ఎవ్వడూ అనలే. యాకూబ్, మండుతుంటె మంచిగుండె అన్నవ్ గద. అది కిషన్ గిర్ర కాదు. నాది సుత కాదు. ఎల్లయ్యది. ఆ మంట కాడ వాని మొఖం కనబడలేదా నీకు? ఇప్పటిదాక నోరు మస్తు లేచింది. చెప్పు."

"కనబడ్డది."

"మరి?"

"నా పక్కనే నిలబడ్డడు. 'యాకూబ్ మామా, పొయ్యరాదె' అన్నడు. గదువ పట్టుకొని బతిలాడిండు. నేను వాని దిక్కు చూడలే."

"ఎందుకు చూడలే?"

"చూస్తె పోస్త గనక."

"ఇగో! ఇగో అక్కా! కావాలని చేసిండు! వాని నోటితోటే ఒప్పుకున్నడు!"

"కావాలని చేసుడు మీరు బంద్ చేపిచ్చి మస్తు రోజులాయె రావుసాబ్. నేనేం చెయ్యలే. చెయ్యకుంట ఉన్న, గంతే."

"మామా అన్నోని గిర్ర కాల్చి, మాటలు నేర్చినవ్. వీనికి సిగ్గు లేదు, నీకు అంతకన్న లేదు. మీ ఇద్దరి మీద ఉమ్మితే నా ఉమ్మి ఖరాబు."

"అనుండ్రి అమ్మా. దానికి మాత్రం అనుండ్రి. అది నాదే."

"కిషన్, ఆఖరు సారి అడుగుతున్న. ఏడికి పోయినవ్?"

"ఇంటికి పోయినంక చెప్తక్కా."

"ఈడనే చెప్పు."

"ఈడ వద్దు."

"యాకూబ్, నీకు తెలుసా?"

"తెల్వదు. ఫాటక్ అవతలికెల్లి ఎవరో పిలిచిండ్రు. పొగల మాకు కనబడలే. రావుసాబ్ ఫాటక్ దాక పోయిండు. మల్ల మా దిక్కు తిరిగి 'నేనొచ్చేదాక ఆగుండ్రి' అని ఒర్రిండు, ధోతి ఎత్తిపట్టి ఉరికిండు. ఆయన గంత జోరుగ ఉరుకుడు నేనెప్పుడు చూడలే. ఆ ఉరికేదేదో నీళ్ల దిక్కు ఉరికితే గిర్ర బతుకుతుండె."

"ఎవరు పిలిచింది? పత్తాల దోస్తులా?"

"నేను పత్తాలాడనక్కా."

"పాన్ డబ్బానా?"

"పాన్ ఇడిసిపెట్టిన. నువ్వే ఇడిసిపెట్టమన్నవ్."

"మరెవరు? ఆడమనిషా? వాగు!"

"ఆడమనిషే."

"థూ! ఇంట్ల సరస్వతి నిండు నెలలతోటి ఉన్నది. కాళ్లు వాచి అర్రల నుంచి బయటికి రాలేకపోతున్నది. నువ్వు ధోతి ఎత్తిపట్టి..."

"నువ్వనుకునే తీరు కాదక్కా. ఇగ అడగకు. నీకు దండం పెడ్త. వీని ముందట మాత్రం అడగకు."

"నేను గోడ దిక్కు తిరుగుతున్న రావుసాబ్. చెప్పుకోండ్రి."

"నువ్వు తిరగకు యాకూబ్, గాడనే ఉండు. నేనిగ అడగను. నాకు అర్థమైంది. కిషన్, సామాను సదురుకో. వెనుక అర్ర ఖాళీ చెయ్యి. సరస్వతిని తీస్కొని జిన్నారం పో, మీ అత్తగారింటికి."

"అక్కా!"

"కచేరీ మూసిన్నాడు నీకు ఎవడు పని ఇయ్యలే. ఈ తాలూకాల నువ్వు ఎక్కని గడప లేదు. నేను తెచ్చి మా ఆయన కూసున్న కాడ కూసోబెట్టిన. చాలు. ఇగ నాతోని కాదు."

"జిన్నారంల ఏముందక్కా? మా మామ సుత జాగీరుతోటే పోయిన మనిషి. వాళ్లకే గడుస్తలేదు. కడుపుతోని ఉన్న పిల్లను తీస్కపోయి ఏ మొఖంతోటి నిలబడాలె? ఈ అర్ర తప్ప నాకు ఇంకో నీడ లేదని నీకు తెల్వదా?"

"ఉరికేటప్పుడు తెల్వలేదా నీకు?"

"తెలుసు. తెలిసే ఉరికిన."

"పిచ్చి లేసిందా ఏంది నీకు? నిలబడు గాడ, నీతోని మాటలు అయిపోయినయి. యాకూబ్, ఇయ్యాల్టి సంది కార్ఖాన నువ్వే చూసుకో."

"...నేనా?"

"నువ్వే. నీ చేతులు పోయినయన్నవ్ గద. తీస్కో, నీవి నీకు ఇచ్చేస్తున్న."

"పరాచకమా అమ్మా?"

"నేను పరాచకాలాడేదాని లెక్క కనబడ్తున్ననా?"

"ఐలన్నా! ఓ ఐలన్నా! ఆ బీడీ పారెయ్, ఇట్ల ఉరుకు! అమ్మా, ఎల్లయ్యను పోనియ్యొద్దు. బయట ఎడ్లను కట్టుకొని కూసున్నడు, నేను పోయి చెప్త. నా తప్పే అని చెప్త, తిడితే తింట. వెనుక కొట్టంల సేటు కొన్న తుమ్మకట్టె ఉన్నది, మంచిగ ఎండి రాయి లెక్క అయింది. రావుసాబ్ దానికి తాళమేసిండు. అది తీసి, ఐలన్నను ఇప్పుడే కూసోబెడ్త, ఆకులు చెక్కుతడు. వాడు నిద్రమొఖపోడే కని చెయ్యి మంచిది. కాలిన పట్టా సాగింది, జెర కోసి మల్ల అతుకుత. రెండో గిర్ర అయితే తయ్యారే ఉన్నది, పిడకలు పేర్చినయి పేర్చినట్టే ఉన్నయి, అగ్గి పెట్టుడే. వానలు రాకముందు వాని బండి చేన్ల తిరగాలె. మీరు పోండ్రి అమ్మా, ఎండల ఎందుకు, మీరు పోండ్రి."

"ఇంత మాట వీని లోపల ఉన్నదని నాకు తెల్వదు. నేను వచ్చినప్పటి సంది నాతోని ఇంత మాట్లాడలే."

"మీరు అడగలే రావుసాబ్. ఏయ్ ఐలన్నా, కాళ్లకు కుంటుడొచ్చిందా? నడువు!"

"ఆగాగు. ఎందుకు గంత ఆగం? కొట్టం తాళం తీసేముందు నాకు చెప్పు. ఆ కట్టె మా ఆయన ఏరి ఏరి కొన్నది. ఏ మొద్దు తీస్తున్నవో నేను చూడాలె."

"చూడుండ్రి. మంచిగ చూడుండ్రి. ఇప్పుడే చూపిస్త."

"ఇప్పుడు నాకేడ తీరిక? పూజ సగంల ఇడిసి వచ్చిన. రేపు వీలు చూసుకొని కబురంపుత."

"రేపా? ఎల్లయ్య కూసున్నడమ్మా."

"కూసోనియ్. పట్టా కోసుడు సుత నన్ను అడిగే కొయ్యి. కొయ్యంగ మిగిలిన ఇనుము ఎటు పోతదో మా ఆయన ఎన్నడు చూడలే. వీపు తిప్పి కూసున్నడని నువ్వే చెప్పినవ్."

"...అడిగే కోస్త."

"కొలిమి అంటిచ్చేముందు ఒక మాట చెప్పు. బొగ్గు ఊకెనే ఏం రాదు."

"చెప్త."

"ఎవడన్న కొత్త గిర్ర తెస్తే, నాకు చూపియ్యంది మాట ఇయ్యకు."

"సరే."

"ఐలన్నను ఏ పని మీద కూసోబెడ్తున్నవో అది సుత..."

"సరే అమ్మా."

"ఏంది, ఒకటే సరే సరే? గిప్పుడే గద గంత ఉషారుగ లేచినవ్?"

"ఏం లేదు. ఐలన్నా, తొందర లేదు, కూసో. ఈ బీడీ సగమున్నది, తాగుతవా?"

"మల్ల బీడీనా! రెండో గిర్ర ఇప్పుడే ఎక్కిస్త అంటివి గద?"

"ఎక్కిస్త. నీళ్లు ఎవరు పొయ్యమంటరు?"

"నేనంట. ఎంత దూరమున్నది? ఈ గల్లీ దాటితే మా దొడ్డే గద."

"అంటుకున్నంక మీ ఇంటికొచ్చి అడగాలె."

"ముందే వచ్చి అడుగు! ఎద్దు మాటలు మాట్లాడకు. నేను కిషన్ లెక్క కాదు, ఏడికి ఉరకను, ఇంట్లనే ఉంట. ఇంకొకటి ఇను. నేను మనిషిని పంపిస్తే, చేతుల ఏ పనున్నా సరే, ఇడిసిపెట్టి ఉన్నపాటున రావాలె. నాకు ఆగుడంటె పడది. కిషన్ వచ్చిన్నాడే చెప్పిన ఈ మాట. వీడు ఏం చెడగొట్టినా ఈ ఒక్కటి మాత్రం బరాబర్ చేసిండు."

"పట్టా ఎర్రగున్నప్పుడు పంపిస్తే?"

"ఎప్పుడైనా! నేను ఊకె ఊకె పిలుస్తనా? అవసరం ఉంటెనే గద పిలిచేది? ఏంది కిషన్? ఎందుకు నవ్వుతున్నవ్? ఇల్లు పోతున్నది, నౌకరీ పోతున్నది, నవ్వొస్తున్నదా నీకు?"

"పొద్దుగాల ఫాటక్ కాడ పిలిచింది మీ పనిమనిషి సంగమ్మ, అక్కా. అటక మీది నెయ్యికుండ దించాలె, అక్క ఉన్నపాటున రమ్మన్నది అన్నది. ఉరికిన. వస్తే నువ్వు పూజల ఉన్నవ్, లేచి చెప్పేదాక దొడ్డి వాకిట్ల ఆగుమన్నరు. గాడికెల్లి పొగ కనబడ్తనే ఉండె... నువ్వు పొమ్మనలే గద, నిలబడ్డ."